దీపములేని బైసికిలు

బాటను పంచుకొనుట నేర్వని సంఘము మరి దేనినిగాని న్యాయముగా పంచుకొనజాలదు. ఈ మాట అతిశయోక్తిగా తోచువారు సంజచీకట్లు క్రమ్మిన తరువాత హైదరాబాదునకు ఉత్తరపు శివార్లలో, బొల్లారము, కౌకూరు, యాప్రాల్, హకీంపేట, శామీర్‌పేట ప్రాంతముల బాటలను ఒక గడియసేపు గమనించిన చాలును. మోటారుల కన్నులు చెదరగొట్టు వెలుతురునడుమ నల్లని నీడవలె ఒక బైసికిలు పోవుచుండును. దానికి ముందు దీపము లేదు, వెనుక దీపము లేదు. మోటారు నడుపువాడు కడపటి క్షణమున దానిని జూచి ప్రక్కకు తప్పించి, “చావదలచితివా?” యని కేక వేయును. బైసికిలువాడు తూలి, మట్టిలో కాలూని నిలువబడి, “బాట నీ యొక్కనిదా?” యని గొణుగుకొనును. ఇద్దరును ఒకరినొకరు శపించుకొని తమ త్రోవలను పోవుదురు. మరునాడును ఇదియే కథ. ఎన్నడో యొకనాడు ఆ కడపటి క్షణము దక్కదు. అప్పుడు ఒక యింట దీపమారును.

ఈ వ్యాజ్యము నేటిది కాదు. దీనికి నూటయేబది సంవత్సరముల చరిత్ర కలదు. దీపము ఎవరు పట్టవలెను, ఎవరికొరకు పట్టవలెను, పట్టనివాని నెవరు దండింపవలెను అను ప్రశ్నలు అనేక దేశములలో శాసనసభలకును న్యాయస్థానములకును ఎక్కినవి. ఆ చరిత్ర నెరుంగక నేటి తగవును తీర్పజూచుట వాదిప్రతివాదుల మాట వినక తీర్పు చెప్పుటవంటిది. కావున దానిని చదువరుల ముందుంచి, పిమ్మట మా యభిప్రాయమును విన్నవింతుము.

పూర్వకాలమున మన బాటలమీద దీపము అందరికిని ఉండెడిది కాదు. పల్లకీలకు ముందు దివిటీలు పట్టుకొని బోయీల సరసను పరుగెత్తెడివారుండిరి. దొరగారి సార్టుబండికి రెండు ప్రక్కల లాంతరులుండెను. సామాన్యుడు వెన్నెలను, నక్షత్రములను, తోడివారి మాటలను నమ్ముకొని నడచెను. రాత్రి ప్రయాణముచేయు ఎడ్లబండి ఇరుసుక్రింద ఒక లాంతరు వ్రేలాడుచుండెడిది గాని, అది యెదుటివానికంటె బండివానికే యెక్కువ యుపకరించెడిది. అయినను అప్పుడు ప్రమాదములు తక్కువ. ఏలయన, ఎద్దు నడక మనుష్యుని నడకకంటె ఎక్కువ వేగము కాదు; అదియునుగాక ఎడ్ల మెడలలోని గజ్జెలును మువ్వలును, చక్రముల కిరకిరయు బండి రాకను ఫర్లాంగుదూరమునుండియే చాటుచుండెను. కంటికి కనబడని లోపమును చెవి తీర్చెడిది. మన పెద్దలు ఎద్దుమెడను గంట కట్టుట అలంకారము కొరకే యని తలంచువారు పొరబడుచున్నారు. అది బాటసారికి చేసెడి హెచ్చరిక. పరునియెడ చూపెడి మర్యాద.

ఈ యేర్పాటును తలక్రిందులు చేసినది బైసికిలు. 1817లో జర్మనీ దేశపు డ్రైస్ అనునాతడు రెండు చక్రముల కొయ్యయంత్రమును కాళ్లతో నేలను తన్నుచు నడపి చూపెను. 1860ల నాటికి ఫ్రాన్సులో ముందు చక్రమునకు పెడలు అమర్చిరి. 1885లో ఇంగ్లండున స్టార్లీ యనునాతడు రెండు సమానచక్రములును, వెనుక చక్రమును త్రిప్పు గొలుసును గల నేటి రూపపు బైసికిలును దెచ్చెను. 1888లో డన్‌లప్ గాలి టైరును కల్పించెను. ఈ గాలి టైరు వచ్చుటతో బాటమీదికి ఒక క్రొత్త జీవి ప్రవేశించినట్లయ్యెను. అది గుఱ్ఱమువలె వేగము కలది. అయినను గుఱ్ఱమువలె డెక్కల చప్పుడు లేనిది. వేగమును నిశ్శబ్దమును ఒక్కచోట చేరుట బాటచరిత్రలో అదియే మొదటిసారి. అందుచేతనే గంటయు దీపమును దానికి అవసరమయ్యెను. ఎద్దుమెడ గజ్జెయే బైసికిలు హ్యాండిలుమీది గంటయై మరల పుట్టినదని చెప్పవచ్చును.

ఇంగ్లండులో మొదట ఈ యంత్రమును ఏ తరగతిలో జేర్పవలెనో న్యాయాధిపతులకు తోచలేదు. ఇది బండియా, లేక నడచువాని చేతికఱ్ఱవంటి వస్తువా? 1879లో టేలర్, గుడ్విన్ అను వారి వ్యాజ్యమున, అతివేగముగా బండి నడపుటను నిషేధించు శాసనము బైసికిలునకును వర్తించునని తీర్పు చెప్పిరి. 1888 సంవత్సరపు స్థానిక ప్రభుత్వ శాసనములోని 85వ విభాగము ఈ చర్చకు ముగింపు పలికెను. ఆ విభాగము రెండు మాటలను ఒక్క ఊపిరిలో చెప్పినది. బైసికిలు శాసనదృష్టిలో బండియే గనుక దానికి రాజమార్గమున హక్కు కలదనుట మొదటి మాట. సూర్యాస్తమయమైన గంటకు మొదలు సూర్యోదయమునకు గంట ముందువరకు అది ముందు దీపము ధరింపవలెననియు, ఇతరులను దాటిపోవునప్పుడు గంటతోగాని ఈలతోగాని హెచ్చరింపవలెననియు చెప్పుట రెండవ మాట. చదువరులు ఈ కూర్పును గమనింపవలెను. హక్కు నిచ్చిన చేతితోనే విధిని విధించిరి. విధిని విధించిన చేతితోనే హక్కు నిచ్చిరి. మా కథకు ఇదియే మూలసూత్రము. ఈ రెంటిని విడదీసినచోట నెల్ల తగవులు పుట్టినవని మున్ముందు చూడగలము.

దీపము ధరింపుమనుట సులభము. దానిని ఆరకుండ కాపాడుట కష్టము. మొదటి దీపములు కిరసనాయిలువి. గాలి విసరిన ఆరును, గోతిలో చక్రము పడిన ఆరును, అద్దము మసిబారును. 1890ల తరువాత కార్బైడు దీపములు వచ్చెను. పై గిన్నెలోని నీరు బొట్టుబొట్టుగా క్రింది గిన్నెలోని కాల్షియం కార్బైడుమీద పడి ఎసిటిలీన్ వాయువు పుట్టి తెల్లని మంటగా మండెడిది. వెలుతురు మిక్కిలి బాగుండెను గాని, ప్రతిదినము బూడిదను దులిపి, క్రొత్త కార్బైడు పోసి, దుర్వాసనను భరింపవలసివచ్చెను. పిమ్మట టైరు ప్రక్కను రాచుకొని తిరుగు డైనమో వచ్చినది. దానికి నూనె వలదు, మందు వలదు. త్రొక్కువాని కాలిబలమే వెలుతురగును. కాని ఎదురుగాలిలోను ఎత్తున ఎక్కునప్పుడును ఆ రాపిడి భారమై తోచును. కూడలిలో నిలిచినంతనే దీపమారును. దీపము లేకుండుటకు సోమరితనమే కారణమని తిట్టెడివారు ఈ చిక్కులన్నియు ఎరుగవలెను.

ముందు దీపము విషయమున తగవు త్వరగా సద్దుమణిగెను. ఘోరమైన వాదము వెనుక దీపము విషయమున రేగెను. ఇరువదవ శతాబ్దమున మోటారులు పెరిగినకొలది, బైసికిలువారు వెనుక ఎఱ్ఱదీపము ధరింపవలెనని మోటారువారు కోరిరి. ఇంగ్లండులోని బైసికిలు సంఘములు దీనిని గట్టిగా ప్రతిఘటించెను. వారి వాదమిది: “ముందు పోవువానిని కాపాడవలసిన విధి వెనుక వచ్చువానిది. తన వెలుతురు ఎంతదూరము ప్రసరించునో అంతలో ఆగగలిగిన వేగముతోనే అతడు రావలెను. నేడు మమ్ము వెనుక దీపము పెట్టుకొనుమందురు. మేము పెట్టుకొనినపిదప దీపమున్నదానికే ఆగుదుము, లేనిదానికి ఆగమందురు. అప్పుడు నడచువాని గతియేమి? పశువుల గతియేమి?” ఈ వాదములో న్యాయము లేకపోలేదు. 1927 సంవత్సరపు శాసనము మధ్యేమార్గమున వెనుక దీపమునకు బదులు ఎఱ్ఱని ప్రతిఫలకము, అనగా వెలుతురు పడిన మెరయు అద్దపుబిళ్ల, చాలునని అంగీకరించెను.

రెండవ ప్రపంచయుద్ధము ఈ వాదమునకు మరియొక మలుపు తెచ్చెను. శత్రువిమానముల భయమున ఇంగ్లండులో వీధిదీపములన్నియు ఆర్పివేసిరి. మోటారుల ముందు దీపములకు ముసుగులు వేసిరి. ఆ చీకటిలో వీధిమరణములు పెరుగగా ప్రభుత్వము రెండు పనులు చేసెను. బైసికిలునకు వెనుక దీపమును నిర్బంధముచేసెను; 1940లో జనసమ్మర్దముగల ప్రాంతములందు రాత్రివేళ మోటారులు గంటకు 20 మైళ్లకు మించరాదని కట్టడిచేసెను. బలహీనునికి ‘కనబడుము’ అని చెప్పినప్పుడే బలవంతునికి ‘మెల్లగా పొమ్ము’ అనియు చెప్పిరి. యుద్ధము ముగిసిన 1945లో వెనుక దీపపు నిబంధనను శాశ్వతముచేసిరి. వేగపు కట్టడియో, యుద్ధముతో వచ్చినది యుద్ధముతోనే పోయెను. ఈ రెండవ సంగతిని జనులు త్వరగా మరచిరి.

ఇక మన ప్రాంతమునకు వత్తము. 1798లో నిజాము ఈస్టిండియా కంపెనీతో చేసికొనిన సైన్యసహకార సంధి ఫలితముగా హుస్సేన్‌సాగరమునకు ఉత్తరమున ఆంగ్లసేనలు విడిసెను. 1806లో ఆ విడిదికి సికిందర్‌జా పేరిట సికింద్రాబాదను పేరు కలిగెను. జనులు నేటికిని దానిని లష్కరనియే వ్యవహరింతురు. దానికి ఉత్తరమున బొల్లారము హైదరాబాదు కంటింజెంటు సేనకు నెలవయ్యెను. ఆ బొల్లారపు పొరుగుననే కౌకూరు గ్రామము. ఇచ్చటి బాటలు దండు కొరకు పుట్టిన బాటలు. వెడల్పుగా, చెట్లనీడలతో, శుభ్రముగా నుండెడివి. కాని అవి ఎవరివి? చుట్టుప్రక్కల గ్రామముల జనులు వానిమీద ఎట్లు నడువవలెనో, ఎప్పుడు నడువవలెనో నిర్ణయించునది దండు అధికారి.

ఈ యధికారము ఎంతదూరము పోయెనో తెలుపు ఘటన బొల్లారముననే 1855 సెప్టెంబరులో జరిగెను. అవి మొహరము దినములు. అచ్చటి సేనాధిపతియైన బ్రిగేడియరు కాలిన్ మెకంజీ పీర్ల ఊరేగింపులకు కట్టడి విధించెను. ఆ కట్టడిని మీరి ఒక ఊరేగింపు నిషేధింపబడిన బాటవెంట అతని యింటి చేరువను వాద్యములతో పోవుచుండగా, అతడు తానే వెలికి వచ్చి జెండాలను లాగికొనెను. గుంపు ఆగ్రహించెను. అతని క్రిందనుండిన అశ్వికదళములోని రౌతులు కొందరు కత్తులు దూసి అతనిని ఘోరముగా గాయపరచిరి. అతడు బ్రతికి బయటపడెను. తరువాత విచారణచేసిన ప్రభుత్వము సైనికులను దండించుటతోపాటు మెకంజీ తొందరపాటునుగూడ తప్పుపట్టెను. ఇది రెండేండ్ల తరువాత రానున్న సిపాయిల తిరుగుబాటునకు ముందుసూచనయని చరిత్రకారులు కొందరు వ్రాయుదురు. మా దృష్టికి మాత్రము ఇది బాటయొక్క కథగాగూడ కనబడుచున్నది. బాట తనదని నమ్మినవాడొకడు. తమదని నమ్మినవారు పెక్కురు. ఇరువురికిని మాటలాడుకొను చోటు లేదు. ఉన్నది ఆజ్ఞయు, దాని నుల్లంఘించుటయు మాత్రమే. నేటి మోటారువానికిని బైసికిలువానికిని నడుమ కత్తులు లేవు గాని, ఆ మనఃస్థితి మాత్రము మిగిలియున్నది.

ఈ దండుబాటలమీదికి పందొమ్మిదవ శతాబ్దపు చివర బైసికిలు వచ్చి చేరెను. మొదట అది దొరల వినోదము; పిమ్మట గుమాస్తాల, ఉపాధ్యాయుల, తపాలావారి వాహనము; తుదకు కూలివాని కాలు. 1899-1901 నడుమ సికింద్రాబాదునుండి మన్మాడునకు బొల్లారము, మేడ్చల్ మీదుగా పోవు రైలుమార్గము తెరువబడెను. 1932లో నిజాం రాష్ట్ర రైల్వే 27 బస్సులతో మోటారు రవాణాశాఖను ప్రారంభించెను. అయినను స్టేషనునుండి పల్లెకును, బస్సు దిగినచోటినుండి ఇంటికిని మిగిలిన కోసుదూరమును పూరించినది బైసికిలే. స్వరాజ్యము వచ్చిన పిమ్మట అది విదేశపు వస్తువుగా నుండుటయు మానెను. మద్రాసున టి. ఐ. సైకిల్సు 1949లోను, సోనేపట్టున అట్లాసు 1951లోను, లూధియానాలో హీరో 1956లోను నెలకొనెను. పార్లమెంటు సభ్యుడుగా నుండిన పుచ్చలపల్లి సుందరయ్యగారు ఢిల్లీలో బైసికిలుమీదనే సభకు పోవుచుండిరి. ఒక యంత్రము పెద్దమనిషినిగాని పేదవానినిగాని ఒక్కతీరుగ మోయుట మన దేశమున అరుదైన సంగతి.

అయితే మన దేశమున దీపపు శాసనము ఎట్లు అమలు జరిగెను? పురపాలకసంఘములు బైసికిలుపై ఏటేట పన్ను వసూలుచేసి లోహపు బిళ్ల నిచ్చెడివి. బిళ్ల లేకున్నను, దీపము లేకున్నను, ఒక్క బైసికిలుమీద ఇద్దరెక్కి ‘డబుల్సు’ పోయినను జరిమానా. తెలుగు పట్టణములలో పెరిగిన వయోవృద్ధులందరును దీని నెరుగుదురు. కూడలిలో రక్షకభటుడు కనబడినంతనే బైసికిలు దిగి, నడిపించుకొని పోయి, మలుపు దాటిన తరువాత మరల ఎక్కెడివారు. త్రొక్కువానికే గాని త్రోయువానికి దీపము అక్కరలేదని శాసనరహస్యము బాలురకుగూడ తెలిసియుండెను. కొందరు చేత టార్చిలైటు పట్టుకొని భటుని యెదుట మాత్రము వెలిగించెడివారు. ఈ ముచ్చటలను తలచుకొని నవ్వుకొందుము. కాని ఇందు నవ్వదగినది కొంచెమే. ఏలయన, దీపము ఎవరికొరకు వెలిగించుచున్నామను ప్రశ్నకు మన జనులు నేర్చిన సమాధానము ‘భటుని కొరకు’ అనియే. ఎదురువచ్చు ముసలివానికొరకనిగాని, తనకొరకు ఇంట వేచియున్న బిడ్డలకొరకనిగాని ఎవ్వరును వారికి చెప్పలేదు. భయముచేత వెలిగిన దీపము భయము తొలగినంతనే ఆరిపోవును.

సరిగా అట్లే జరిగినది. మోటారు సైకిళ్లును కార్లును పెరిగినకొలది అధికారుల దృష్టి వానివైపు మరలెను. 1939 సంవత్సరపు మోటారు వాహనముల శాసనముగాని, దానికి బదులువచ్చిన 1988 సంవత్సరపు శాసనముగాని బైసికిలును మోటారు వాహనముగా గణింపలేదు; అది యుక్తమే. పురపాలకసంఘముల బిళ్లలు క్రమముగా మరుగున పడెను. పన్ను పోయినందుకు ఎవరును దుఃఖింపరు. కాని పన్నుతోపాటు గమనికయు పోయినది. ఒకనాడు బైసికిలు అధికారులకు జరిమానా వస్తువుగానైనను కనబడెను, నేడు అదియునులేదు. శాసనమునకు దీపములేని బైసికిలు కనబడదు, మోటారువానికి కనబడదు, బాట నిర్మించు ఇంజనీరునకును కనబడదు. అయినను 2019-21 నాటి జాతీయ కుటుంబారోగ్య పరిశీలన ప్రకారము మన దేశపు కుటుంబములలో సగమునకు బైసికిలు కలదు. సగము ఇండ్లలోనున్న వస్తువు బాటమీద అదృశ్యమగుట ఆశ్చర్యము కాదా?

నేడు కౌకూరు చుట్టుప్రక్కల బైసికిలుమీద చీకటిలో పోవువారెవరు? తెల్లవారుజామున పాలు, పత్రికలు పంచువారు. రాత్రి కాపలా ముగించుకొని వచ్చు వాచ్‌మన్లు. క్రొత్తగా లేచుచున్న మేడల పనికి పరరాష్ట్రములనుండి వచ్చిన మేస్త్రీలును కూలీలును. ట్యూషను ముగించుకొని యింటికి మరలు బాలురు. ఈ ప్రాంతము 2016 అక్టోబరునుండి మేడ్చల్-మల్కాజిగిరి జిల్లాలో చేరినది. పల్లెలు కాలనీలైనవి. సికింద్రాబాదునుండి శామీర్‌పేట మీదుగా కరీంనగరమునకు పోవు రాజీవ్ రహదారి మోటారుల ప్రవాహమైనది. ఎద్దు నడకకు పుట్టిన బాటమీద నేటి వేగము ప్రవహించుచున్నది.

ఆ వేగమెట్టిదో కొంచెము లెక్కవేసి చూతము. గంటకు 60 కిలోమీటర్ల వేగమున వచ్చు కారు ఒక్క సెకండులో ఇంచుమించు 17 మీటర్లు పోవును. ఎదుట నేదో కలదని కన్ను చూచి, కాలు బ్రేకును త్రొక్కుటకు ఎంత మెలకువగలవానికైనను ఒక సెకండు పట్టును. త్రొక్కిన తరువాత పొడిబాటమీద ఆగుటకు మరి 20 మీటర్లు కావలెను. అనగా మొత్తము దాదాపు 40 మీటర్లు. వంచిన ముందుదీపముల వెలుతురులో నల్లబట్టలు తొడిగిన మనుష్యుడు స్పష్టపడుదూరము ఒక్కొక్కప్పుడు అంతకు మించదు. బాట తడిసియున్నను, ఎదుటి కారు దీపము కన్నులలో కొట్టుచున్నను ఆ మిగులును లేదు. అదే బైసికిలువెనుక చిన్న ఎఱ్ఱదీపమున్నయెడల వందల మీటర్లనుండి కనబడును. ఒక పూట టీ ఫలహారముల ఖర్చుతో వచ్చు వస్తువు జీవితమునకును మరణమునకును నడుమ నిలుచుచున్నది.

కాబట్టి మోటారువాని ఫిర్యాదును త్రోసివేయరాదు. “నేను జాగ్రత్తగానే పోవుచుంటిని, ఆతడు చీకటిలోనుండి ఊడిపడెను” అనువాని మాట పెక్కుసారులు నిజమే. మనుష్యుని చంపినవాడను భారముతో బ్రతుకుట ఏ మంచివానికిని తేలిక కాదు. దీపములేక పోవువాడు తన ప్రాణమునే కాదు, పరుని మనశ్శాంతినిగూడ పణముగా పెట్టుచున్నాడు.

బైసికిలువాని ఫిర్యాదును గూడ వినవలెను. “అంగడిలో బైసికిలు కొన్నప్పుడు దీపము రాలేదు. వేరుగా కొనితెచ్చి పెట్టిన వారము దినములకే ఎవడో విప్పుకొని పోయెను. బాట నడుమ గట్టు కట్టినారు. ఎదుటి ప్రక్కకు పోవలెనన్న కిలోమీటరుదూరము త్రొక్కి తిరిగి రావలెను. అందుచేత ఎదురుగా వచ్చుచున్నాను. ఎడమ అంచున పోదమన్న అచ్చట ఇసుక, గుంటలు, నిలిపిన లారీలు. వెనుకనుండి హారను, ముందునుండి హైబీము. డిప్పర్ కొట్టుమని నేనెవరిని వేడుకొందును?” ఈ మాటలలోను అబద్ధము లేదు. ఎదుటివాని కన్నులలోనికి పూర్తివెలుతురు కొట్టువాడు దీపములేనివానికంటె తక్కువ దోషి కాడు. ఒకడు తాను కనబడకున్నాడు. మరియొకడు ఎవరును కనబడకుండ చేయుచున్నాడు.

మూడవవాడొకడున్నాడు. అతని ఫిర్యాదును ఎవ్వరును వినరు. అతడు నడచువాడు. దీపములేని బైసికిలు చప్పుడుచేయక వచ్చి తాకిన ముసలమ్మకు తుంటి విరుగును. ఆ చోట బైసికిలువాడే బలవంతుడు. మోటారునెదుట తాను బలహీనుడనని మొరపెట్టువాడు నడచువాని యెదుట తన బలమును మరచుట న్యాయము కాదు. 2022లో మన దేశపు బాటలమీద 1,68,491 మంది మరణించిరి. వారిలో 32,825 మంది నడచువారే. బైసికిలువారు నూటికి ఇంచుమించు ముగ్గురు. నేటి కారువాడు రేపు కారు దిగి బాట దాటవలసినవాడే. నేటి బైసికిలువాని కొడుకు రేపు మోటారు నడుపువాడే. వీరిని వేరువేరు జాతులుగా జూచుట మనకు అలవాటైన కులబుద్ధికి మరియొక రూపము. వాహనమునుబట్టి మనుష్యుని గౌరవించుట, నడచువానిని అన్నిటికంటె అడుగున నిలుపుట సంస్కారము కాదు.

ఇతరదేశములు ఈ చిక్కును ఎట్లు విప్పుకొనినవో చూతము. హాలెండులో 1971లో బాటలమీద 3,300 మంది మరణింపగా వారిలో నాలుగువందలకు పైగా బాలురుండిరి. తల్లిదండ్రులు వీధులలో కూర్చుండి, శిశుహత్యను మానుడని ఎలుగెత్తిరి. ఆ యుద్యమఫలముగా బైసికిలునకు వేరుబాటలు, ఇండ్లనడుమ వేగపు కట్టడులు వచ్చెను. అచ్చటి శాసనము మోటారువానిమీద నష్టపరిహారపు భారమును ఎక్కువగా నుంచును; అట్లని బైసికిలువానిని దీపమునుండి విడిచిపెట్టలేదు. డెన్మార్కులోని ఒడెన్సె పట్టణమున 2004-05లో ఒక పరీక్ష జరిగెను. ఇంచుమించు 3,800 మందిలో సగముమంది బైసికిళ్లకు చక్రముమీది అయస్కాంతముచేత పగలును రాత్రియు దానంతట అదియే వెలుగు దీపములు అమర్చిరి. అవి యున్నవారికి ప్రమాదములు నూటికి 19 వంతున తగ్గెను. ఇందు జరిమానా లేదు, భటుడు లేడు. మరచుటకు వీలులేని దీపమును చేతికిచ్చిరి; అంతే.

మన ప్రభుత్వమును ఈ వైపున ఒక యడుగు వేసినది. బైసికిళ్లకు ప్రమాణమునకు సరిపడు ప్రతిఫలకములుండవలెనని 2020లో ఉత్తరువు చేసెను. ఇది మంచిదే గాని చాలదు. ప్రతిఫలకము పరుని దీపమును నమ్ముకొనిన వెలుతురు. తన వెలుతురు తనకుండవలెను. అమ్ముచోటనే ప్రతి బైసికిలునకును ముందు వెనుకల దీపములు బిగించి అమ్మవలెనని నిబంధించుట కష్టమైన పనికాదు. ఉన్న బైసికిళ్ల విషయమున, రక్షకభటులు దీపములేనివానిని ఆపినప్పుడు చలానాకు బదులు ఒక ఎఱ్ఱదీపమును చేతికిచ్చి పంపుట మేలు. దినకూలిని జరిమానాగా లాగికొనిన రాత్రి అతడు దీపమెట్లు కొనును?

బాటలు కట్టువారికిని ఒక మనవి. దండుప్రదేశములలో మూసియుంచిన మార్గములను తెరువవలెనని 2018 మే నెలలో కేంద్రప్రభుత్వము ఆజ్ఞాపించినపుడు సికింద్రాబాదు ఉత్తరభాగపు జనులు ఎంతయో సంతసించిరి. ఏలయన, మూసిన బాట కారువానికి పెట్రోలు నష్టము. బైసికిలువానికి ఊపిరి నష్టము. 2024 మార్చిలో రాజీవ్ రహదారిమీద పారడైజునుండి శామీర్‌పేటవరకు ఎత్తుమార్గమునకు శంకుస్థాపన జరిగినది. పైన పోవు వేగమునకు ఇంత చేయువారు క్రింద మిగులు బాటయంచున బైసికిలుకొరకు ఒక గజము చోటును, నడచువానికొరకు ఒక గట్టును, చీకటి మలుపులలో వీధిదీపమును ఏర్పరుచుట అసాధ్యము కాదు. నగరపు పశ్చిమమున వెలుపలి వలయరహదారి ప్రక్కను 23 కిలోమీటర్ల బైసికిలుబాటను సౌరఫలకముల కప్పుతో 2023లో తెరచిరి. వ్యాయామముకొరకు త్రొక్కువానికి అంత చేసిన నగరము కూలికొరకు త్రొక్కువానికి కొంచెమైనను చేయలేదా?

అయితే ప్రభుత్వము చేయువరకు మనము చేతులు కట్టుకొని కూర్చుండవలసిన పని లేదు. ప్రతి కాలనీ సంఘమును తమ వాచ్‌మనుకు, తమ పాలవానికి, తమ పనిమనిషి కొడుకునకు ఒక్కొక్క దీపము కొనియిచ్చిన ఎంత వ్యయమగును? పండుగనాటి టపాసుల ఖర్చులో పదవవంతు కాదు. పాఠశాలలలో ఉపాధ్యాయులు బాలుర బైసికిళ్లను నెలకొకసారి చూడవచ్చును. మేడలు కట్టించువారు తమ కూలీలకు శిరస్త్రాణమిచ్చినట్లే దీపమును ఇయ్యవచ్చును. కారు నడుపువారు ఎదుట ఎవరైనను కనబడినంతనే డిప్పర్ కొట్టుటకు రూపాయి ఖర్చులేదు. వ్రేలు కదలించిన చాలును. బైసికిలువారు సంజవేళ బయలుదేరుటకుముందు గాలి చూచుకొనినట్లే దీపమును చూచుకొనవలెను. తెల్లని చొక్కా తొడుగుకొనవలెను. ఎంత దూరమైనను ఎడమప్రక్కనే పోవలెను.

మా మతమిది. చూచు విధి బలవంతునిది; కనబడు విధి బలహీనునిది. మొదటిది పెద్ద విధి, ఏలయన తప్పినచో చచ్చునది తాను కాక పరుడు. రెండవది చిన్న విధియే యైనను, దానిని మానుటకు మొదటివాని దోషము సాకు కాజాలదు. 1888 నాటి శాసనకర్తలు హక్కును విధిని ఒక్క వాక్యమున కట్టిరి. మన దేశమున కొంతకాలము హక్కులేని విధిని జరిమానాగా విధించితిమి. ఇప్పుడు విధియు హక్కును రెంటిని విడిచి బాటను బలవంతునికి వదలితిమి. ఆ రెంటిని మరల కలుపుటయే మన తరమువారి పని. భటుని భయమునకు వెలిగిన దీపము మలుపు తిరుగగానే ఆరినది. తోడి బాటసారి మీది దయతో వెలిగించిన దీపము మలుపు తిరిగిన తరువాతను వెలుగుచుండును.